బంతి వదిలి విజిల్ పట్టాలా?

ప్రశ్న: మేడం, నాకు 31 ఏళ్లు. ఇంటర్ నుంచి బాస్కెట్‌బాల్ ఆడుతున్నాను, పాయింట్ గార్డ్‌ని, అంటే బంతి నడిపిస్తూ జట్టుని ఆడించే స్థానం. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చి తొమ్మిదేళ్లయింది. కిందటేడు ఎడమ మోకాలికి ఏసీఎల్ (లోపలి లిగమెంటు) ఆపరేషన్ అయింది. మళ్లీ టీమ్‌లోకి వచ్చాను గానీ మ్యాచ్‌కి ఆరేడు నిమిషాల కంటే ఆడించడం లేదు. విజయవాడ దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు అమ్మాయిల జట్టుకి కోచ్‌గా రమ్మంటున్నారు. ఏడాది కాంట్రాక్టు, జీతం ఇప్పుడొచ్చే దాంట్లో సగం. మా ఆయన నీ ఇష్టం అంటున్నారు. నాన్న మాత్రం గవర్నమెంటు ఉద్యోగం వదిలితే ఊళ్లో తలెత్తుకోలేనంటున్నారు. అమెరికాలో డాన్ స్టేలీ అనే బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి ఆడుతూనే కాలేజీ కోచ్ అయిందని చదివాను. నేనూ రెండూ చేయలేనా? బాగా ఆడినవాళ్లు బాగా నేర్పలేరని మా సీనియర్ ఒకావిడ అంది, నిజమేనా? యూనివర్సిటీకి ఆడిన రోజుల్లో రెండుసార్లు సౌత్ జోన్ ఫైనల్లో ఓడాం. ఇప్పుడు ఆపేస్తే ఆ వెలితి అలాగే మిగిలిపోతుంది. ఆదివారం పొద్దున గ్రౌండ్‌లో వాచ్‌మన్ గారి అమ్మాయికి కాస్త డ్రిబ్లింగ్ నేర్పిస్తుంటాను, అంతకు మించి కోచింగ్ అనుభవం లేదు. చెల్లెలనుకుని చెప్పండి.
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: చెల్లెలనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. అసలు మాట ముందే చెప్పేస్తాను. ఈ ఏడాది రాజీనామా ఇవ్వకు. అలాగని ఆ కాలేజీ వాళ్లకి రానని కూడా చెప్పకు. ఈలోగా నువ్వు తేల్చుకోవాల్సిన సంగతులు చాలా ఉన్నాయి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ వాచ్‌మన్ గారి అమ్మాయి దగ్గర ఆగిపోయాను. "అంతకు మించి అనుభవం లేదు" అని నువ్వు తేలిగ్గా తీసేశావు గానీ, ఉత్తరం మొత్తంలో నాకు పనికొచ్చిన మాట అదే. ఆ అమ్మాయి దగ్గరికి చివర్లో వస్తాను. ముందు స్టేలీ సంగతి చూద్దాం. ఆడుతూనే కోచ్ అయిందన్న ఒక్క ముక్కే నీదాకా వచ్చింది. దాని ముందూ వెనకా తెలియకుండా ఆ ముక్కని పట్టుకుంటే దెబ్బతింటావు.

ఆమె 1970లో ఫిలడెల్ఫియా నగరంలో పుట్టింది. ఊరికి ఉత్తరాన పేదల కోసం ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో పెరిగింది. ఐదుగురు పిల్లల్లో ఆఖరిది. తల్లి ఎస్టెల్ నలుగురిళ్లలో పని చేసేది. ఈ పిల్ల ఆ వాడ కోర్టుల్లో మగపిల్లలతో కలబడి ఆట నేర్చుకుంది. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బాస్కెట్‌బాల్‌లో అది పొట్టి కిందే లెక్క. 1988 నుంచి 1992 దాకా వర్జీనియా విశ్వవిద్యాలయానికి ఆడి, మూడుసార్లు జట్టుని ఫైనల్ ఫోర్‌కి, అంటే దేశంలోని కాలేజీ జట్లన్నిటిలో ఆఖరి నాలుగింటిలోకి చేర్చింది. 1991లో ఫైనల్ దాకా వెళ్లారు. టెనెసీ చేతిలో ఓవర్‌టైమ్‌లో 70-67తో ఓడిపోయారు. తేడా ఒక్క బుట్ట. ఓడిన జట్టులో ఉండి కూడా ఫైనల్ ఫోర్ ఉత్తమ క్రీడాకారిణి బహుమతి ఆమెకే ఇచ్చారు. అలాంటి బహుమతి చేతిలో పట్టుకుని డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్తుంటే ఎలా ఉంటుందో రెండు ఫైనల్స్ ఓడిన నీకు నేను చెప్పక్కర్లేదు.

1992లో చదువయ్యేసరికి అమెరికాలో ఆడవాళ్లకి ప్రొఫెషనల్ లీగ్ అన్నదే లేదు. ఆ ఏటి ఒలింపిక్స్ జట్టులోనూ చోటు దొరకలేదు. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, బ్రెజిల్ వెళ్లి ఆడుకుంది. 1996లో ఏబీఎల్ అనే లీగ్ మొదలైతే రిచ్‌మండ్ జట్టుకి ఆడింది. ఆ లీగ్ కాస్తా 1998 డిసెంబరులో మూతపడింది. 1999లో డబ్ల్యూఎన్‌బీఏ అనే ఆడవాళ్ల ప్రొఫెషనల్ లీగ్‌లో షార్లెట్ జట్టు ఆమెను డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్లని ఎంచుకునేటప్పుడు, తీసుకుంది. అట్లాంటా, సిడ్నీ, ఏథెన్స్ మూడు ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం. 2004 ఏథెన్స్ ప్రారంభోత్సవంలో అమెరికా జెండా పట్టుకుని ముందు నడిచింది కూడా ఆమే.

ఇక నీ ప్రశ్నకి సంబంధించిన భాగం. 2000 సంవత్సరంలో సొంత ఊరు ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయం ఆమెను హెడ్ కోచ్‌గా రమ్మంది. అప్పటికి దాదాపు 30 ఏళ్లు, ఆట మంచి ఊపు మీద ఉంది, ఎక్కడా అసిస్టెంట్‌గా కూడా చేసింది లేదు. కోచ్ కావాలన్న ఆశ కూడా లేదు, మొదట కాదంది. చివరికి ఒప్పుకుంది, ఆట మాత్రం ఆపలేదు. ఆ సెప్టెంబరులో సిడ్నీలో స్వర్ణం గెలిచి వచ్చి, నవంబరులో టెంపుల్ బెంచి పక్కన నిలబడింది. అలా 2006లో రిటైరయ్యేదాకా ఆరేళ్లు రెండు పడవల్లోనూ కాళ్లు పెట్టి నిలబడగలిగింది.

ఎలా నిలబడగలిగిందో చూడు. డబ్ల్యూఎన్‌బీఏ వేసవి లీగ్. కాలేజీ సీజన్ నవంబరులో మొదలై ఏప్రిల్ మొదట్లో ముగుస్తుంది. రెండు క్యాలెండర్లూ ఒకదానిమీద ఒకటి పడవు. ఆవిడ పట్టుదల గొప్పదే, కాదనను. కానీ ఆ క్యాలెండర్ లేకపోతే ఎంత పట్టుదలైనా రెండూ సాగేవి కావు. మన దగ్గర చూడు. సీనియర్ నేషనల్స్ తరచూ డిసెంబరు, జనవరుల్లో పడతాయి. సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ పోటీలూ ఇంచుమించు ఆ రోజుల్లోనే. నీ రైల్వే క్యాంపూ, నీ పిల్లల సెలక్షన్సూ ఒకే నెలలో వస్తే ఎక్కడుంటావు? రెండు చోట్లా సగం సగం ఉన్న మనిషివవుతావు. అందులోనూ నువ్వుండేది సికింద్రాబాద్, కాలేజీ విజయవాడ దగ్గర. కాబట్టి రెండూ చేయగలనా అన్న నీ ప్రశ్నకి ఈ కాలేజీ విషయంలో నా జవాబు చేయలేవనే. ఈ మాట రాయడం నాకు బాధగానే ఉంది. కానీ నిన్ను ఊరించి పంపడం నాకిష్టం లేదు.

స్టేలీ నుంచి నువ్వు తీసుకోవాల్సింది మరొకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా రాయరు. రిచ్‌మండ్‌లో ఆమె ఆడినప్పుడు ఆ జట్టు కోచ్ లీసా బోయర్. తను కోచ్ అయిన రెండో ఏడాది తర్వాత, 2002లో, స్టేలీ ఆవిణ్ని టెంపుల్‌కి పిలిచి తన అసిస్టెంట్‌గా పెట్టుకుంది. తర్వాత సౌత్ కెరొలైనా విశ్వవిద్యాలయానికి కోచ్‌గా మారినప్పుడు కూడా వెంట తీసుకెళ్లింది. ఒకప్పుడు తనని బెంచి మీద కూర్చోబెట్టే అధికారం ఉన్న మనిషిని, తనకంటే ఎక్కువ ఏళ్లు ఈ పని చేసిన మనిషిని, పక్కన కూర్చోబెట్టుకుని అడిగి తెలుసుకోవడం చిన్న సంగతి కాదమ్మా. అప్పటికే రెండు ఒలింపిక్ స్వర్ణాలు మెడలో వేసుకున్నావిడే కోచింగ్ విషయంలో తనకి తోడు కావాలనుకుంది. నీకు ఆట నేర్పిన పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారో మేడమో ఇంకా ఉన్నారా? ఉంటే ఈ వారమే ఫోన్ చెయ్యి. వాళ్ల పక్కన ఒక సీజన్ కూర్చునే అవకాశం అడుగు. స్కోర్ బుక్ రాసే పనైనా సరే, తీసుకో.

మీ సీనియర్ అన్న మాట దగ్గరికొస్తాను. "బాగా ఆడినవాళ్లు బాగా నేర్పలేరు" అనేది పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. క్లైడ్ డ్రెక్స్‌లర్ పేరు విన్నావా? 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో డ్రీమ్ టీమ్ అని పేరుపడ్డ అమెరికా జట్టు సభ్యుడు, 1995లో హ్యూస్టన్ రాకెట్స్‌తో అక్కడి మగవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ కప్పు గెలిచినవాడు. 1998లో ఆట మానేసి నేరుగా తను చదివిన హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికే హెడ్ కోచ్ అయ్యాడు. ఊరంతా పండగ చేసుకుంది. రెండు సీజన్లలో 19 గెలుపులు, 39 ఓటములు. అంతటితో వదిలేసి వెళ్లిపోయాడు. అయితే అనుభవం లేకపోవడం వల్లే అలా జరిగిందంటావా, పాట్రిక్ యూయింగ్‌ని చూడు. అతనూ ఎన్‌బీఏలో పేరుమోసిన ఆటగాడే. ఎన్‌బీఏ జట్లలో ఏళ్ల తరబడి అసిస్టెంట్ కోచ్‌గా ఓపికగా పనిచేసి, 2017లో తన పాత కాలేజీ జార్జ్‌టౌన్‌కి హెడ్ కోచ్‌గా వచ్చాడు. 2021లో బిగ్ ఈస్ట్ టోర్నమెంట్, అంటే ఆ కాలేజీ ఉన్న కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల కూటమి) పోటీ, గెలిపించాడు కూడా. ఆ మరుసటి సీజన్లో తమ కాన్ఫరెన్స్‌లో ఆడిన 19 మ్యాచ్‌లూ ఓడారు. 2023లో తీసేశారు.

యూయింగ్ కథ నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ఎన్‌బీఏ అసిస్టెంట్‌కి ఎత్తులు, పై ఎత్తులు బాగా తెలుస్తాయి. అక్కడ ఎదురుగా ఉన్నవాళ్లు జీతం తీసుకుని ఆడే పెద్దవాళ్లు. కాలేజీలో ఉండేది పద్దెనిమిదేళ్ల పిల్లలు. వాళ్లని హైస్కూల్లో ఉండగానే వెతకాలి, అమ్మానాన్నల్ని ఒప్పించాలి. వచ్చాక చదువు చూడాలి, ఇంటిమీద బెంగ తీర్చాలి, ఆడించనప్పుడు అలకా తీర్చాలి. పైగా 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, ఇష్టం లేకపోతే పిల్లలు సులువుగా వేరే కాలేజీకి వెళ్లిపోతున్నారు. కాలేజీ కోచ్ పనిలో బాస్కెట్‌బాల్ సగమే ఉంటుందని నేను అనేది అందుకే. ఇది నా అంచనా, యూయింగ్ జట్టు లోపలి సంగతులు నాకేం తెలుస్తాయి. కానీ పీడీగా నా ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను చూసింది కూడా ఇదే.

నా మొదటి ఏడాది సంగతి ఒకటి చెప్పాలి. మా జట్టులో ఒక పిల్ల ఉండేది, ఒడ్డూపొడుగూ బాగుండేది, ఫాస్ట్ బ్రేక్‌లో, అంటే ఎదుటి జట్టు సర్దుకునేలోపే దూసుకెళ్లేటప్పుడు, బంతి అందగానే తల దించేసేది. "చూడు, చూడు" అని నేను సైడ్‌లైన్ దగ్గర అరిచేదాన్ని. ప్రాక్టీసులో బంతి లాక్కుని నేనే పరిగెత్తి, పాస్ ఇచ్చి, "ఇలా!" అనేదాన్ని. రెండు నెలలు గడిచాయి, ఏం మారలేదు. ఒకరోజు ఆ పిల్ల ఏడుస్తూ "ఏం చూడాలి మేడం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నేను పదిహేనేళ్లుగా చూస్తున్నదాన్ని ఎప్పుడూ మాటల్లో పెట్టలేదు. ఆ రాత్రి కూర్చుని, బంతి చేతికొచ్చినప్పుడు నేను మొదట ఏం చూస్తాను, తర్వాత ఏం చూస్తాను అని కాగితం మీద రాసుకున్నాను. మొదట ఎదుటి రింగు, తర్వాత నా వైపు వెనక్కి పరిగెత్తే డిఫెండర్ నడుము, ఆ తర్వాత ఎడమ వింగ్‌లో మనమ్మాయి. మర్నాడు ఆ పిల్లకి ఒక్క ముక్కే చెప్పాను: "బంతి అందగానే రింగు చూడు, ఇంకేం వద్దు." రింగు చూడాలంటే తల ఎత్తాలి కదా. తల ఎత్తడం అలవాటైతే మిగతావి ఒక్కొక్కటీ చేర్చుకోవచ్చు. ఆ రెండు నెలలూ ఆ పిల్లది కాదు తప్పు, నాది. ఈ రోజుకీ ఆ మొహం గుర్తొస్తుంది.

బాగా ఆడినవాళ్లకి వచ్చే చిక్కు ఇదే. వాళ్లకి ఆట ఒంట్లో ఉంటుంది, నోట్లోకి రాదు. కష్టపడి నేర్చుకున్నవాళ్లకి ప్రతి మెట్టూ గుర్తుంటుంది, వాళ్లు చెప్పగలరు. పాయింట్ గార్డ్‌లకి ఈ విషయంలో కాస్త నయం. కోర్టులో నలుగురితో మాట్లాడుతూ, ఎవరెక్కడుండాలో చెబుతూ ఆడే స్థానం అది. స్టేలీ పాయింట్ గార్డే, నువ్వూ అంతే. ఇంకో సంగతి చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఆపరేషన్ తర్వాత నువ్వు బెంచి మీద కూర్చుని గడిపే నిమిషాలున్నాయే, నీకు చేదుగా ఉన్న ఆ నిమిషాలు, కోచ్ కావాలనుకునే మనిషికి అంతకంటే మంచి చోటు లేదు. ఒక నోట్‌బుక్ పెట్టుకో. టైమ్ అవుట్‌లో మీ కోచ్ ఏం చెప్పారు, నువ్వైతే ఏం చెప్పేదానివి, తర్వాతి మూడు నిమిషాల్లో ఏం జరిగింది అని మ్యాచ్ మ్యాచ్‌కీ రాసుకో.

ఇక ఆ ఉద్యోగం. స్టేలీని కాలేజీ కోచ్ అన్నప్పుడు మన మనసులో ఒక బొమ్మ పడుతుంది, అది మన దగ్గరి ఉద్యోగానికి సరిపోదు. అక్కడ విశ్వవిద్యాలయమే జట్టు. నలుగురైదుగురు అసిస్టెంట్లు, సీజన్‌కి ముప్పైకి పైగా మ్యాచ్‌లు, సౌత్ కెరొలైనాలో అయితే పద్దెనిమిది వేల మంది పట్టే ఇండోర్ అరీనా. 2025లో ఆమెకు రాసిన కొత్త ఒప్పందంలో జీతం ఏడాదికి 40 లక్షల డాలర్లు. మన ఇంజినీరింగ్ కాలేజీ జట్టు ఇంటర్ కాలేజియేట్ ఆడుతుంది, అది మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది. అందులోంచి యూనివర్సిటీ టీమ్‌కి సెలక్షన్ జరుగుతుంది. ఎంపికైన నీ పిల్లలు అక్కణ్నుంచి వేరే కోచ్ చేతిలోకి వెళ్లిపోతారు. సౌత్ జోన్ బెంచి మీద కూర్చునేది నువ్వు కాకపోవచ్చు. నిన్ను పిలిచిన పేరు కోచే కావచ్చు, రోజువారీ పని మాత్రం చాలాచోట్ల పీడీ పనే. యాన్యువల్ డే, ఆగస్టు 15 పరేడ్, అబ్బాయిల క్రికెట్ కిట్లు, స్పోర్ట్స్ డే కప్పుల కొటేషన్లు అన్నీ నీ బల్ల మీదికే వస్తాయి. ఆ పని తక్కువని కాదు, నేను ప్రేమతో చేసిన పనే అది. తెలిసి వెళ్లు అంటున్నాను, అంతే.

పర్మనెంట్ పోస్టు మాటేమిటంటే, యూజీసీ నిబంధనల ప్రకారం ఫిజికల్ ఎడ్యుకేషన్ పోస్టుకి ఎం.పీ.ఈడీ.లో 55 శాతం మార్కులుండాలి, ఆపైన నెట్ (అర్హత పరీక్ష) లేదా పీహెచ్‌డీ కావాలి. నీ చదువేమిటో రాయలేదు. మామూలు డిగ్రీతో ఆగి ఉంటే బీ.పీ.ఈడీ. రెండేళ్లు, ఎం.పీ.ఈడీ. రెండేళ్లు. ఆ కాగితాలు లేనంతకాలం నువ్వు ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో అని మే నెలలో ఎదురుచూసే మనిషిగానే ఉంటావు. పూర్తిగా కోచింగ్ వైపే వెళ్లాలంటే పటియాలాలో నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఉంది, 1961 నుంచీ నడుస్తోంది. అక్కడ కోచింగ్ డిప్లొమా ఏడాది, సర్టిఫికెట్ కోర్సు ఆరు వారాలు. మొదట ఆరు వారాల కోర్సుకి వెళ్లు. ఉద్యోగం వదలకుండా సెలవు పెట్టి వెళ్లగలిగినది అదొక్కటే. మనసు నిలిస్తే అప్పుడు ఏడాది డిప్లొమా గురించి ఆలోచిద్దువు.

ఆ కాలేజీ వాళ్లతో మాట్లాడేటప్పుడు జీతం గురించి ఆఖర్న అడుగు. ముందు ఒప్పందం ఎన్నేళ్లో అడుగు. ఎందుకంటే 2008లో స్టేలీ సౌత్ కెరొలైనాకి వెళ్లినప్పుడు ఏమైందో తెలుసా? టెంపుల్‌లో ఎనిమిదేళ్లలో 172 మ్యాచ్‌లు గెలిపించి, ఆరుసార్లు ఎన్‌సీఏఏ టోర్నమెంటుకి, అంటే కాలేజీ జట్ల జాతీయ పోటీకి, తీసుకెళ్లి, ఆ పేరుతో వెళ్లింది. మొదటి సీజన్లో 10 గెలుపులు, 18 ఓటములు. రెండో సీజన్లో 14, 15. మూడో ఏడాదికి గానీ ఓటముల కంటే గెలుపులు ఎక్కువ కాలేదు. ఏడాది కాంట్రాక్టు మీద వెళ్లి ఉంటే మొదటి మార్చిలోనే ఇంటికి పంపేవాళ్లు. అక్కడ ఓపిక పట్టారు. 2014లో, కాలేజీ ఉన్న కొలంబియా నగరానికి పక్కనే ఉండే హాప్కిన్స్ అమ్మాయి ఏజా విల్సన్‌ని జట్టులో చేర్చుకోగలిగింది. దేశంలోని పెద్ద పెద్ద కాలేజీలన్నీ కావాలనుకున్న అమ్మాయి ఇంటిదగ్గరి కాలేజీని ఎంచుకుంది. 2017లో కప్పు వచ్చింది. తర్వాత 2022లో ఒకటి, 2024లో 38 మ్యాచ్‌లాడి 38 గెలిచి ఇంకొకటి. 2024 ఫైనల్‌ని టీవీలో చూసినవాళ్లు అమెరికాలో కోటీ ఎనభై లక్షలకు పైనే, ఆ ఏడు మగవాళ్ల ఫైనల్ కంటే ఎక్కువ.

అందుకే కనీసం మూడేళ్లు అడుగు. మూడేళ్లు ఇవ్వనివాళ్లు జట్టు కట్టమని పిలవడం లేదు, బ్రోచర్‌లో నీ ఫొటో కోసం పిలుస్తున్నారు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా కోర్టు అమ్మాయిలకే ఉంటుందా, అబ్బాయిలు దిగాక మిగిలిన వెలుతురులో ఆడుకోమంటారా? టోర్నమెంటుకి వెళ్లిన రోజులకి హాజరు ఇస్తారా, ల్యాబ్ ఇంటర్నల్స్ పోతే మళ్లీ పెడతారా? టీఏ డీఏలు పిల్లల చేతికి ఎప్పుడొస్తాయి? జట్టు ఎంపిక నీదేనా, మేనేజ్‌మెంటు వాళ్ల బంధువుల పిల్లని పెట్టమంటారా? నాకు ఈ చివరి అనుభవం ఉంది కాబట్టి అడగమంటున్నాను. హాస్టల్ పిల్లలు రాత్రి ఏడింటికి వెళ్తే మెస్‌లో తిండి మిగుల్చుతారో లేదో కూడా అడుగు. నవ్వుకుంటారేమో, అయినా అడుగు. ఆకలితో పడుకున్న పిల్ల మర్నాడు పొద్దున ప్రాక్టీసుకి రాదు. ఈ ప్రశ్నలకి జవాబులు కాగితం మీద ఇవ్వగలిగిన కాలేజీ అయితే, వచ్చే ఏడాది మళ్లీ పిలవడానికి వాళ్లకి అభ్యంతరం ఉండదు.

ఇంకొకటి మర్చిపోవద్దు. నువ్వు రైల్వే ఉద్యోగివి. ముందస్తు అనుమతి లేకుండా బయట జీతం తీసుకుని పని చేయడం కుదరదు. వారాంతాల్లో వచ్చి క్యాంపు పెట్టు, కవర్లో డబ్బు ఇస్తాం అని ఆ కాలేజీ వాళ్లే అనొచ్చు. ఆ పని చేయకు. ఉచితంగా నేర్పినా సరే, మీ ఆఫీసులో రాతపూర్వకంగా చెప్పి, అనుమతి కాగితం చేతికి వచ్చాకే మొదలుపెట్టు.

మీ నాన్నగారి విషయం. పరువు కోసం అంటున్నారని కొట్టిపారేయకు. ఆడపిల్లని నిక్కరు వేయించి గ్రౌండ్‌కి పంపినప్పుడు ఆ ఊళ్లో ఆయన ఎన్ని మాటలు పడి ఉంటారో నాకు తెలుసు, మా నాన్న కూడా పడ్డారు. ఆ మాటలన్నిటికీ ఆయన ఇచ్చిన జవాబు నీ రైల్వే ఉద్యోగం. అది వదిలేస్తానంటే ఆయన చేతిలోంచి జవాబు లాగేసుకున్నట్టే. ఆయనతో వాదించకు. ఏడాది దాకా ఏ నిర్ణయమూ లేదని చెప్పు, అది నిజం కూడా. ఈ ఏడాదిలో ఒకసారి ఆయన్ని సికింద్రాబాద్ పిలిపించుకుని, నువ్వు ఆడేది కాదు, నువ్వు నేర్పేది చూపించు. పది మంది పిల్లలు నిన్ను మేడం అని పిలుస్తుంటే ఆయనే పక్కన నిలబడి చూడనీ.

గెలవని ఆ ఫైనల్స్ గురించి. ఆ వెలితి పోతుందని నేను మాట ఇవ్వలేను. స్టేలీకి ఆటగత్తెగా కాలేజీ కప్పు ఎప్పటికీ రాలేదు. 1991లో చేజారినది కోచ్‌గా 2017లో చేతికొచ్చింది, మధ్యలో 26 ఏళ్లు. అంతకు ముందు ఆమె దగ్గర ఒక నెట్ ముక్క ఉండేది. అమెరికాలో కప్పు గెలిచాక రింగుకి వేలాడే నెట్‌ని కత్తిరించుకోవడం ఆచారం. ఆ కప్పు గెలిచిన మొదటి నల్లజాతి మహిళా కోచ్ క్యారొలిన్ పెక్. 1999లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం జట్టుతో గెలిచినప్పుడు కత్తిరించుకున్న నెట్‌లోంచి ఒక ముక్కని తర్వాతి రోజుల్లో స్టేలీకి ఇచ్చింది. గెలిచాక స్టేలీ తన 2017 నెట్‌ని ముక్కలు చేసి దేశంలో హెడ్ కోచ్‌లుగా ఉన్న నల్లజాతి మహిళలకి పంపింది. ఆ నెట్ ముక్కల గురించి చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. నువ్వు ఓడిన రెండు ఫైనల్స్‌లో ఆఖరి రెండు నిమిషాలు ఏం జరిగిందో నీకు బంతి బంతీ గుర్తుంటుంది. అది నీ పిల్లలకి చెప్పు. గెలిచినవాళ్లు అంత వివరంగా చెప్పలేరు.

ఇప్పుడు వాచ్‌మన్ గారి అమ్మాయి. జీతం లేదు, కాంట్రాక్టు లేదు, చూసేవాళ్లు లేరు, మోకాలు ఇంకా సలుపుతోంది. అయినా ఆదివారం పొద్దున లేచి వెళ్తున్నావు. ఎందుకు వెళ్తున్నావో నీకు నువ్వు చెప్పుకున్నావా? జాలితో అయితే మంచి మాటే, కానీ దాంతో ఇరవై ఏళ్లు నడవవు. ఆ పిల్ల నిన్నటి వరకు చేయలేనిది ఇవాళ చేసినప్పుడు నీకు బుట్టలో బంతి పడినంత సంతోషం వేస్తోందా, లేక "ఇది నేనైతే ఎంత తేలిగ్గా చేసేదాన్ని" అని చెయ్యి దురద పెడుతోందా? మొదటిదైతే నువ్వు కోచ్‌వి. రెండోదైతే నీలో ఆట ఇంకా మిగిలి ఉంది, ఇంకో సీజనో రెండు సీజన్లో ఆ ఆరేడు నిమిషాలనే ఆడి తీర్చుకో. అందులో తప్పేమీ లేదు.

తేల్చుకోవడానికి ఒక పని చెప్తాను. వచ్చే ఆదివారం ఆ అమ్మాయికి ఎడమచేతి లేఅప్, అంటే పరిగెత్తుకొచ్చి రింగు దగ్గర ఎగిరి బంతి వేయడం, నేర్పు. గంటసేపు నువ్వు బంతి ముట్టుకోకూడదు, చేసి చూపించకూడదు. మాటలతోనే చెప్పాలి, కావాలంటే నేల మీద సుద్దముక్కతో అడుగులు గియ్యి. ఏ అడుగు ముందు, మోకాలు ఎప్పుడు లేపాలి, బోర్డు మీద ఏ గడి చూడాలి అన్నవి ఆ పిల్లకి ఎక్కే మాటల్లో చెప్పు. నాలుగు ఆదివారాలు ఇలా చేసి, ఆ పిల్ల ఏం పట్టుకుందో, నీకు ఎక్కడ మాట దొరకలేదో నాకు రాయి. ఆ కాలేజీ వాళ్లకి ఏం జవాబివ్వాలో ఆ ఉత్తరం చూశాక మాట్లాడుకుందాం.